మాట లేని వేషం

సన్యాసిరావు గారు విజయనగరంలో డ్రిల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. కుస్తీ అన్నా, పద్యనాటకమన్నా ఆయనకు ప్రాణం. కేబుల్ టీవీ వచ్చిన కొత్తల్లో అంటుకున్న అమెరికన్ కుస్తీల అలవాటు ఇప్పటికీ వదల్లేదు. మేనకోడలు శైలజ న్యూజెర్సీలో స్కూలు టీచరు. చిన్నప్పుడు ఈ మావయ్య పక్కన కూర్చునే ఆ కుస్తీలు చూసింది. సెలవులకు వచ్చినప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ పాత పోటీల మీద ఇద్దరికీ వాదం పడింది. అరబ్బంటే ఇలా, జపాను వాడంటే ఇలా, ఆఫ్రికా వాడంటే ఇలా అని జాతికో మూస పోసి రింగులో నిలబెట్టడం ఉత్త వినోదమా, అవమానమా? ఇద్దరూ ఆ కుస్తీని ఇష్టపడ్డవాళ్లే కాబట్టి ఈ వాదం వినదగ్గది.

సన్యాసిరావు: ముందు ఒక సంగతి తేల్చుకుందాం తల్లీ. అది పోటీ కాదు, నాటకం. గెలిచేదెవరో ఓడేదెవరో ముందే రాసుకుంటారు. ఆ మాట కంపెనీయే ఒప్పుకుంది. 1989లో మీ న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్‌కే, మాది వినోదం, క్రీడా కమిషన్ అజమాయిషీ మాకొద్దు అని చెప్పుకున్నారు. నాటకమన్నాక నాయకుడుంటాడు, ప్రతినాయకుడుంటాడు. పది నిమిషాల కుస్తీలో కథ నడవాలంటే మనిషి గుమ్మంలోకి రాగానే వాడెవడో జనానికి తెలిసిపోవాలి. తలపాగా, జెండా, గడ్డం, అన్నీ అందుకే. ఇందులో ద్వేషమేటి?

శైలజ: నాటకమని మీరే అన్నారు కదా మావయ్యా, నా ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఆటలో జరిగినదానికి ఎవరినీ నిలదీయలేం. నాటకంలో ప్రతి అడుగూ ఎవరో కూర్చుని రాసిందే. రాసినవాణ్ణి అడగొచ్చు. ప్రతినాయకుణ్ణి చూస్తే జనానికి ఒళ్లు మండాలి, ఒప్పుకుంటాను. వాడు చేసిన పనికి మండాలా, వాడు పుట్టిన దేశానికి మండాలా?

సన్యాసిరావు: ఐరన్ షేక్‌నే తీసుకో. అసలు పేరు హొస్సేన్ ఖోస్రో వజీరి. ఇరాన్‌లో పుట్టిన అసలు సిసలు మల్లుడు. ఒకప్పుడు షాకు అంగరక్షకుడు. అమెరికా వచ్చాక 1972 ఒలింపిక్స్‌కు వెళ్లిన అమెరికా జట్టుకే సహాయ కోచ్‌గా పనిచేశాడు. టెహ్రాన్‌లో 52 మంది అమెరికన్లను 444 రోజులు బందీలుగా పెట్టిన కోపం ఆ దేశంలో ఇంకా చల్లారలేదు. ఆ కోపానికి ఎదురు నిలబడి అన్నం సంపాదించుకున్నాడు. 1983 డిసెంబర్ 26న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఛాంపియన్ బాబ్ బ్యాక్‌లండ్‌ను ఓడించాడు. నెల తిరక్కుండా అదే చోట హల్క్ హోగన్ చేతిలో ఓడిపోయాడు. హోగన్ అంతటి హీరో అయ్యాడంటే షేక్ ఓడిపోవడం వల్లే. 2023 జూన్‌లో షేక్ పోతే, ఒకనాడు ఛీకొట్టిన అమెరికన్లే కన్నీళ్లు పెట్టుకున్నారు. అవమానపడ్డది ఎవరు మరి?

శైలజ: ఆయన పనితనం మీద నాకు పేచీ లేదు. వేషం చూడండి. ఇరానీ మనిషికి అరబ్బు తలగుడ్డ చుట్టి, షేక్ అని అరబ్బు పేరు తగిలించి, ముక్కులు పైకి తిరిగిన బూట్లు తొడిగారు. ఇరానీ వేరు, అరబ్బు వేరు. ఆ తేడాతో వాళ్లకు పని లేదు. అంతటితో ఆగినా బాగుండేది. 1990-91 గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఏం చేశారో మీకు గుర్తుండే ఉంటుంది.

సన్యాసిరావు: గుర్తులేకేం? సార్జంట్ స్లాటర్‌ను ఇరాక్ పక్షం మార్చారు. అప్పటిదాకా అమెరికన్ సైనికుడి వేషం అతనిది. జనం ఎంత నమ్మారంటే పాపం అతనికి చంపుతామని బెదిరింపులొచ్చాయి.

శైలజ: అతని పక్కన కల్నల్ ముస్తఫా అని ఒకణ్ణి నిలబెట్టారు. ఎవరాయన? మన ఐరన్ షేకే! ఇరాన్, ఇరాక్ 1980 నుంచి ఎనిమిదేళ్లు లక్షల మందిని పోగొట్టుకుని కొట్టుకున్నాయి. ఆ యుద్ధం ముగిసి మూడేళ్లు కాకుండానే ఒక ఇరానీకి ఇరాక్ సైనికాధికారి దుస్తులు తొడిగారు. అతని సొంత ఊళ్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ బొమ్మ చూస్తే ఏమనుకుంటుంది? రాసినవాడికి ఆ తల్లి లెక్కలోకే రాలేదు. వార్తల్లో ఈ నెల శత్రువెవరో చూసుకున్నారు, గోధుమరంగు మనిషి ఒకడు చేతిలో ఉన్నాడు, చొక్కా మార్చారు. ఇదీ నేను చెప్పే హాని. ఆ చూపులో ఈ మనుషులందరూ ఒకటే.

సన్యాసిరావు: వేషమన్నాక వేరేవాడే కట్టాలి కదమ్మా! మన స్థానం నరసింహారావు గారు సత్యభామ కట్టలేదూ? ఆడవాళ్లు ఎవరైనా అవమానమనుకున్నారా? యోకోజునా జపాను వాడు కాదని నాకూ తెలుసు.

శైలజ: స్థానం వారు సత్యభామ మనసు పట్టుకోవడానికి ఎంత సాధన చేశారో మీరే చెప్పేవారు. యోకోజునా సంగతేమిటి? రాడ్నీ అనోవాయి, సమోవా వంశంలో పుట్టిన అమెరికన్. అతనికి సుమో కొప్పు ముడిచి జపాను జెండా చేతికిచ్చారు. మాట్లాడే పని మేనేజర్ మిస్టర్ ఫుజీకి. ఆ ఫుజీ హవాయిలో పుట్టినవాడు. ప్రత్యర్థి కళ్లలో ఉప్పు కొట్టడం అతని విద్య. అరబ్బు మహమ్మద్ హసన్ నిజానికి ఇటలీ మూలాలున్న అమెరికన్. రెడ్ ఇండియన్ నాయకుడిగా ఈకల కిరీటం పెట్టుకుని నృత్యం చేసిన చీఫ్ జే స్ట్రాంగ్‌బో కూడా ఇటలీ మూలాలవాడే. సూడాన్ పిచ్చోడు అబ్దుల్లా ది బుచర్ కెనడావాడు. ఉగాండా రాక్షసుడు కమలా అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన జేమ్స్ హారిస్. ఒక్కరైనా ఆ దేశాన్ని తెలుసుకుని ఆడినట్టు కనిపిస్తుందా? అమెరికన్ల బుర్రలో అప్పటికే ఉన్న భయాన్నీ వెటకారాన్నీ తీసి ఒంటికి పూసుకున్నారు.

సన్యాసిరావు: ఒక్క నల్లవాళ్లనీ గోధుమరంగు వాళ్లనీ అంటున్నావు. తెల్లవాళ్లను మాత్రం వదిలారేటి? ఇంగ్లీషు వాడంటే గర్విష్టి, పల్లెటూరి అమెరికన్ అంటే చదువురాని మొద్దు, రష్యన్ అంటే కర్కోటకుడు. నికొలాయ్ వోల్కాఫ్ సోవియట్ గీతం పాడుతుంటే చెత్తా చెదారం విసిరేవారు. అతను క్రొయేషియాలో పుట్టినవాడు. అందరినీ ఆడిపోసుకునే చోట ఒక్కరికే అవమానమని ఎలా అంటావు?

శైలజ: తెల్ల అమెరికన్‌కు మొద్దు వేషమూ ఉంది, హీరో వేషమూ ఉంది, పోలీసూ ఉన్నాడు, పన్ను అధికారీ ఉన్నాడు, చెత్తబండి తోలేవాడూ ఉన్నాడు. ఒక వేషం నచ్చకపోతే పక్కనే ఇంకో వంద. అమెరికన్ పిల్లవాడు మొద్దును చూసి నవ్వుకుని, తర్వాత పోటీలో హీరోను చూసి చప్పట్లు కొడతాడు. ఇరానీ పిల్లవాడికి దొరికేది ఒక్కటే వేషం, ఆ వేషం ఉమ్మేస్తుంది. అందరినీ సమానంగా ఆడిపోసుకున్నామనే లెక్క అక్కడే తప్పింది.

సన్యాసిరావు: సరే, అయితే ఏం చేద్దామంటావు? ఆపేయాలా? అలా ఆపించడం మన దగ్గరా చూశాం. 2022 జనవరిలో చింతామణి నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందని. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావృత్తి వల్ల కుటుంబాలు నాశనమవుతున్నాయని సంస్కరణ కోసం రాసిన నాటకమది. నూరేళ్లుగా ఆడుతోంది. దాన్ని నమ్ముకున్న కళాకారుల నోటి దగ్గర కూడు పోయింది. మనసు నొచ్చిందన్న ప్రతివాడి మాటా విని ఆపుకుంటూ పోతే రంగస్థలం మీద మిగిలేదేటి?

శైలజ: నిషేధం నాకూ వద్దు మావయ్యా. ఆ నాటకం సంగతి మీకే బాగా తెలుసు. కాళ్లకూరి వారు రాసినదానికీ, తర్వాత చప్పట్ల కోసం సుబ్బిశెట్టి నోట చొప్పించిన బూతు హాస్యానికీ ఎంత దూరమో మీరే బాధపడేవారు. రాసినదానిలో మనిషి ఉన్నాడు, చొప్పించినదానిలో కులం ఒక్కటే మిగిలింది. నిషేధించడం వేరు, ఇది బాగాలేదని చెప్పడం వేరు. నేను చెప్పడమే చేస్తున్నాను. ప్రేక్షకుడికి ఆ హక్కు లేకపోతే విమర్శ అన్నదే ఉండదు.

సన్యాసిరావు: చెప్పు, కాదనను. నా మాటా విను. పద్యనాటకంలో జనం వన్స్ మోర్ కొట్టేది ఎవరికి? చాలాసార్లు దుర్యోధనుడికి. రాయబారం సీన్లో కృష్ణుడి పద్యాలు ఎంత బాగుంటాయో సుయోధనుడివీ అంతే. 1977లో దానవీరశూరకర్ణలో రామారావు గారు మూడు వేషాలు కడితే, జనం నోళ్లలో ఎక్కువ నానింది దుర్యోధనుడి మాటలే. చెడ్డవేషాన్ని ప్రేమించే జాతి మనది. కుస్తీలో చెడ్డవేషాన్నీ అలాగే చూడాలంటాను.

శైలజ: మావయ్యా, నాకు కావలసిన మాట మీరే అందించారు. దుర్యోధనుడికి పద్యాలున్నాయి. పౌరుషముంది, అసూయ ఉంది, కర్ణుడి మీద ప్రాణమిచ్చే స్నేహముంది. తనవైపు న్యాయమేమిటో సభలో నిలబడి చెప్పుకుంటాడు. అందుకే వన్స్ మోర్. ఇప్పుడు కమలాను చూడండి. ఒంటికి రంగులు, ఛాతీ మీద నక్షత్రాలు, పొట్ట మీద చంద్రవంక, కాళ్లకు చెప్పుల్లేవు. పొట్ట మీద చరుచుకుంటూ వస్తాడు. ఒక్క మాట మాట్లాడడు. వెంట మొహానికి ముసుగు, నెత్తిన అడవి వేటగాళ్ల టోపీ పెట్టుకున్న కాపరి ఒకడు. ప్రత్యర్థిని పడగొట్టాక వెల్లకిలా తిప్పి అదిమిపట్టాలన్న నియమం కూడా తెలియనట్టు, బోర్లా పడ్డవాడి మీదే కూర్చునేవాడు. తిప్పాలి, తిప్పాలి అని కాపరి సైగలు చేసేవాడు. జనం విరగబడి నవ్వేవారు. ఏళ్ల తరబడి రోజూ కుస్తీ పట్టే మనిషికి కుస్తీ నియమం తెలియదట! ఆఫ్రికా వాడంటే అంతే బుద్ధి ఉంటుందని తప్ప ఆ హాస్యానికి ఇంకో అర్థం చెప్పండి.

సన్యాసిరావు: ఆ తిప్పడం సంగతి… నేనూ నవ్వాను. ఇప్పుడు నువ్వు చెబుతుంటే వేరేగా ఉంది.

శైలజ: యోకోజునాకు మాట లేదు, ఫుజీ మాట్లాడాడు. కమలాకు మాట లేదు, కాపరి సైగ చేశాడు. 1980ల్లో వైల్డ్ సమోవన్స్ అని అఫా, సికా అన్నదమ్ములు వచ్చేవారు. చెట్టు తొర్రల్లోంచి వచ్చినట్టు జుట్టు, చేతిలో పచ్చి చేప, నోట అర్థంకాని అరుపులు. వాళ్ల తరఫునా వేరే మేనేజరే మాట్లాడాలి. వరసగా చూస్తే పద్ధతి బయటపడుతుంది. పరాయి దేశపు ఒళ్లు కావాలి, నోరు అక్కర్లేదు. నోరుంటే మనిషైపోతాడు, మనిషైతే ఛీకొట్టడం కష్టం.

సన్యాసిరావు: ఆ సమోవన్ల కథ సగమే చెప్పావు. సికా కొడుకే రోమన్ రీన్స్. 2020 నుంచి 2024 దాకా 1,316 రోజులు ఛాంపియన్. మైకు పట్టుకుంటే పదిహేను నిమిషాలు జనం నోరు మెదపరు. తన వంశం, తన పెద్దరికం, తమ్ముళ్ల మీద పెత్తనం, ఆ కథంతా సమోవా కుటుంబం చుట్టూ అల్లిందే. తండ్రి పచ్చి చేప కొరికి సంపాదించిన చోటే కొడుకు రాజయ్యాడు. ఆ వేషం కట్టకపోతే ఆ కుటుంబానికి గుమ్మం తెరుచుకునేదా?

శైలజ: ఆ కుటుంబాన్ని నేనూ గౌరవిస్తాను. వాళ్ల ఓర్పుకు దండం పెట్టాలి. అయితే కంపెనీ ఏం పోగొట్టుకుందో కూడా చూడండి. కొడుక్కి మైకిస్తే నాలుగేళ్లు హాళ్లు నిండాయి. తండ్రికీ పెదనాన్నకీ మైకిచ్చి ఉంటే? వాళ్లకు చెప్పడానికి కథ లేకనా? రోమన్ రీన్స్ మంచివాడు కాదు, స్వార్థపరుడు, మోసగాడు. అయినా ఏ సమోవన్ పిల్లవాడూ అతన్ని చూసి తల దించుకోడు. అతని చెడ్డతనం అతనిది, జాతిది కాదు. ప్రతినాయకుడు వద్దని నేననలేదు. ఇలాంటివాడు కావాలంటున్నాను.

సన్యాసిరావు: ఎడ్డీ గెరెరోను ఏమంటావు? అబద్ధమాడతాం, మోసం చేస్తాం, దొంగిలిస్తాం అని పాట కట్టుకుని, నేలకు రాసుకుంటూ ఎగిరే కార్లో వచ్చేవాడు. మెక్సికన్ అంటే అమెరికన్లు ఏమనుకుంటారో అదే నెత్తినెత్తుకుని ఆడాడు. 2004 ఫిబ్రవరిలో బ్రాక్ లెస్నర్‌ను ఓడించిన రాత్రి జనం ఏడ్చారు తల్లీ, ఏడ్చారు. మరుసటేడు నవంబర్‌లో పోతే నేనూ ఏడ్చాను.

శైలజ: నేనూ ఏడ్చాను. ఎడ్డీ గెలిచాడంటే అతనికి నోరుండబట్టే. తన వ్యసనాల గురించి చెప్పాడు, కుటుంబం గురించి చెప్పాడు, పడి లేచిన కథ చెప్పాడు. ఆ కారులో ఒక మనిషున్నాడని జనం చూశారు. మీ వాదంలో బలమైన ఉదాహరణ అదే, ఒప్పుకుంటాను. కానీ కంపెనీ దాన్నుంచి నేర్చుకున్న పాఠం చూడండి. 2005లో ముగ్గురు మెక్సికన్ మల్లుల్ని తెచ్చారు. గాలిలో తేలే గొప్ప విద్య వాళ్లది. వాళ్లను గడ్డి కోసే యంత్రాల మీద ఎక్కించి రింగు దగ్గరికి పంపారు. మెక్సికన్ అంటే తోటమాలి అని. ఎడ్డీ సొంత బలంతో మూసను పగలగొట్టాడు. మూస పోసినవాళ్లు మరో మూస పోశారు.

సన్యాసిరావు: హసన్ సంగతి నువ్వే ఎత్తావు. వాడికి నోరుంది కదా! సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అరబ్ అమెరికన్లను అందరూ టెర్రరిస్టుల్లా చూస్తున్నారని రింగులో నిలబడి కడిగేసేవాడు. కంపెనీ ఆ మాట చెప్పించడమే గొప్ప కాదూ?

శైలజ: హసన్ కథ నాకు అన్నిటికన్నా బాధ. 2004 డిసెంబర్‌లో వచ్చాడు. చెప్పిందంతా నిజం. నిజం చెప్పినవాణ్ణి ప్రతినాయకుణ్ణి చేశారు, నిజం చెప్పినందుకే జనంచేత తిట్టించారు. తర్వాత ఏమైంది? 2005 జులైలో రింగు దారిలో మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తున్నట్టు చూపించారు. ముసుగులు వేసుకున్న మనుషులొచ్చి అండర్‌టేకర్ అనే మల్లుడి గొంతుకు తీగ బిగించారు. ముందే చిత్రీకరించి పెట్టుకున్న ఆ దృశ్యం అమెరికాలో ప్రసారమైంది జులై 7న. ఆ రోజు పొద్దున్నే లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలాయి. దుమారం రేగింది, చానెల్ వద్దంది, జులై 24న ఓడించి పంపేశారు. అందరూ తేదీ కలిసి రావడమే దురదృష్టమన్నారు. లండన్‌లో ఏమీ జరగకపోయినా ఆ దృశ్యం తప్పే. మమ్మల్ని టెర్రరిస్టులనకండి అని ఆర్నెల్లు మొత్తుకున్న పాత్రను చివరికి టెర్రరిస్టుగానే చూపించి, అనుమానపడ్డవాళ్లదే రైటని తేల్చేశారు. అతని నోట మాటను అతని చేతే అబద్ధం చేయించారు.

సన్యాసిరావు: (కాసేపు ఆగి) మనవాడు ఖలీ ఉన్నాడు. 2007 జులైలో వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయితే మన వీధిలో పిల్లలు టపాసులు కాల్చారు. అది గర్వం కాదా?

శైలజ: గర్వమే, నాకూ గర్వమే. సిమ్లాలో సెక్యూరిటీ గార్డుగా, పంజాబ్ పోలీసుగా పనిచేసిన మనిషి ఆ ఎత్తుకు వెళ్లడం చిన్న విషయం కాదు. హిమాచల్‌లో పుట్టిన దలీప్ సింగ్ రాణాను పంజాబీ రాక్షసుణ్ణి చేశారు. పంజాబీ ప్రిజన్ అని వెదురు బొంగుల పంజరం కట్టారు. పంజాబ్‌లో ఎవరూ ఎరగని పంజరమది. మాటకు రంజిన్ సింగ్ అనే అనువాదకుణ్ణి పెట్టారు. ఆ అనువాదకుడు ఎవరో తెలుసా? కంపెనీలో కథలు రాసే రచయితే. అంటే మన మనిషి నోట మాట అక్షరాలా కంపెనీదే. చివరికి పంజాబీ ప్లేబాయ్ అని పేరుపెట్టి ప్రేక్షకుల్లోంచి ఆడవాళ్లను పిలిచి ముద్దులు పెట్టించే తంతు నడిపారు. ఏడడుగుల మనిషి జనం నవ్వుకునే వస్తువైపోయాడు. ఇవన్నీ చూసి కూడా మనం పేరొస్తే చాలనుకున్నాం.

సన్యాసిరావు: 2017లో భారత మూలాలున్న జిందర్ మహల్‌ను ఛాంపియన్ చేశారు. అతనికి మైకిచ్చారు.

శైలజ: ఇచ్చారు. అదే ఏడు సెప్టెంబర్‌లో ఆ మైకుతో జపాను నుంచి వచ్చిన షిన్సుకే నకమురా ముఖకవళికల్ని వెక్కిరించే మాటలు చెప్పించారు. హాల్లో ఉన్న అమెరికన్ ప్రేక్షకులే, ఇది మితిమీరింది అని కేకలు పెట్టారు. వెక్కిరింపు పడ్డ జాతి నుంచి వచ్చినవాడి చేత ఇంకో జాతిని వెక్కిరింపజేశారు. మైకు చేతిలో ఉంటే చాలదు, అందులో వచ్చే మాట తనదై ఉండాలి.

సన్యాసిరావు: ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పు. ఈ కుస్తీలు చూసి ఎవడైనా ఎవడినైనా కొట్టాడా? వేషం వేషమే. హాలు దాటితే అందరూ మర్చిపోతారు.

శైలజ: కుస్తీ చూసి కొట్టారని నేననను. అలా అంటే అబద్ధమవుతుంది. ఒక సంగతి మాత్రం చెబుతాను. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేతాలో, ఒక బార్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన మన తెలుగు ఇంజనీరును ఒకడు కాల్చి చంపాడు. మా దేశం వదిలి పొమ్మని అరిచాడు. తర్వాత, తాను చంపింది ఇరానీయులనని చెప్పుకున్నాడు. ఇరానీకీ, అరబ్బుకీ, తెలుగువాడికీ తేడా కనపడని ఆ చూపు ఏ ఒక్క కుస్తీ నుంచీ పుట్టలేదు. కానీ ఇరానీకి అరబ్బు తలగుడ్డ చుట్టి, అతనికే ఇరాకీ యూనిఫాం తొడిగి, వీళ్లంతా ఒకటే అని ముప్ఫై ఏళ్లు పిల్లలకు చూపించిన వినోదం ఆ చూపును దిద్దే పని ఎన్నడూ చేయలేదు. మా ఇళ్లలో ఆ వార్త విన్న రాత్రి, వేషం వేషమే అన్న మాట ఎవరికీ గుర్తురాలేదు.

సన్యాసిరావు: …

శైలజ: పిల్లల సంగతికి లెక్కా ఉంది. అమెరికాలో ఆటల జట్లకు రెడ్ ఇండియన్ బొమ్మలు గుర్తులుగా ఉండేవి. స్టెఫనీ ఫ్రైబర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె కూడా ఆదివాసీ మహిళే, సహచరులతో కలిసి పరిశోధన చేసి 2008లో ప్రచురించారు. ఆ బొమ్మలు చూశాక ఆదివాసీ విద్యార్థులకు తమ మీద తమకున్న విలువ తగ్గింది, రేపు ఏదో సాధిస్తామన్న ఊహ సన్నగిల్లింది. గౌరవంగా గీసిన బొమ్మలైనా అంతే. 2020లో వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు రెడ్‌స్కిన్స్ అన్న పేరు వదిలింది. క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు 2022 నుంచి గార్డియన్స్ అయింది. ఆట ఆగలేదు, అభిమానం తగ్గలేదు.

సన్యాసిరావు: ఫ్లోరిడాలో ఒక యూనివర్సిటీ జట్టు సెమినోల్ తెగ పేరు ఇంకా వాడుతోంది, చదివాను. అదేం తప్పు కాదా?

శైలజ: అక్కడి సెమినోల్ తెగను అడిగారు, వాళ్లు సరేనన్నారు. అడిగారన్నది ముఖ్యం. వాళ్ల పేరు మీద వాళ్లకు మాట ఉంది. ఇంకో రకంగా చెప్పనా మావయ్యా? మన ఉత్తరాంధ్ర యాసను సినిమాల్లో ఎవరికిచ్చారు? పనివాడికీ, అమాయకుడికీ, నవ్వించేవాడికీ. తెలంగాణ యాసను రౌడీకీ, కమెడియన్‌కీ. మీరు డ్యూటీ మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు నోరు తెరవగానే ఎదుటివాళ్లు నవ్వారని అమ్మ చెప్పేది. అక్కడ ఏటి అనడం మానేసి ఏమిటి అనడం నేర్చుకున్నారట. 2017లో ఫిదా సినిమా వచ్చాక బాన్సువాడ పిల్ల నోట తెలంగాణ యాస విని జనం చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయికి తెలివుంది, ఆత్మగౌరవముంది, మాటుంది. యాస మారలేదు, దాన్ని పలికే మనిషి మారింది.

సన్యాసిరావు: మీ అమ్మ అవన్నీ చెప్పిందా… నిజమే తల్లీ. ఆఫీసులో గుమాస్తా ఎదురుగా నా మాటను నేనే దిద్దుకున్నాను. వాడు చెడ్డవాడు కాదు, సినిమా చూసి నవ్వినట్టే నవ్వాడు. సరే, నా మాట ఇది. పరాయి దేశపువాడు ప్రతినాయకుడు కాకూడదంటే ఒప్పుకోను. చింతామణిని ఆపడం తప్పంటే తప్పే. కుస్తీలో ఆ వేషాలు కట్టినవాళ్లను తప్పుపట్టను, వాళ్లది పొట్టకూటి విద్య. కానీ కమలాను చూసి నవ్విన నవ్వు మంచిది కాదని ఒప్పుకుంటాను. వేషంలోంచి దేశాన్ని తీసేస్తే లోపల ఏదైనా మిగలాలి. దుర్యోధనుణ్ణి హస్తినాపురంలోంచి తీసేసినా దుర్యోధనుడే. కమలాలోంచి ఉగాండా తీసేస్తే రంగు తప్ప ఏమీ మిగల్లేదు.

శైలజ: అదే కొలత మావయ్యా. కోఫీ కింగ్‌స్టన్‌ను చూడండి. ఘనాలో పుట్టినవాడికి మొదట జమైకా యాస అంటగట్టారు. ఆ యాస వదిలేశాక, ఘనా నుంచి వచ్చానని చెప్పుకుని నిలబడ్డాక, 2019 ఏప్రిల్‌లో ఛాంపియన్ అయ్యాడు. పిల్లలు రింగులోకి పరుగెత్తుకొచ్చి తండ్రిని వాటేసుకున్నారు. సామీ జైన్ సిరియా తల్లిదండ్రులకు కెనడాలో పుట్టాడు. 2023 ఫిబ్రవరిలో మాంట్రియల్ ఊరంతా వాడి పక్షాన నిలబడింది. అరబ్బు పేరున్న మనిషి, చేతిలో బాంబు లేదు, నెత్తిన గుడ్డ లేదు. హసన్ ఆనాడు అడిగింది అంతకన్నా ఎక్కువేమీ కాదు.

ఆ వాదం వాళ్లిద్దరి మధ్యే ఉండిపోకూడదని ఇది రాస్తున్నాను. నా తీర్పు స్పష్టంగానే ఉంది. జాతిమూసలు హాని చేయవని ఆ దెబ్బ తగలనివాడు చెప్పకూడదు, ఆ వేషంతో గుర్తింపు పొందే పిల్లవాణ్ణి అడగాలి. వేషాన్ని నిషేధించమని కోరడం కన్నా, వేషానికి మాట ఇమ్మని కోరడం న్యాయం. ఇప్పుడు ఆ కోరిక కోరే బలం మనకుంది. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో జాన్ సీనా కుస్తీ పట్టాడంటే, మన డబ్బూ మన కేకలూ ఆ కంపెనీకి కావాలనే. మనవాణ్ణి రింగులోకి దింపినప్పుడు చప్పట్లు కొట్టేముందు అతని మాట అతనిదేనా అని చూడండి. పరాయివాణ్ణి దింపినప్పుడు ఛీకొట్టేముందు కూడా అదే చూడండి. పక్కన పిల్లలుంటే, ఆ మనిషిని ఎందుకు తిడుతున్నామో వాళ్లను ఒక్కసారి అడగండి. దేశం పేరు తప్ప వేరే జవాబు రాకపోతే, ఆ కుస్తీ రాసినవాడు ఓడిపోయాడని వాళ్లకు చెప్పండి.